పాత వేషం.. కొత్త మనిషి

కెప్టెన్ అమెరికా డాలు నల్లజాతి వీరుడి చేతికొచ్చింది. థోర్ సుత్తిని క్యాన్సర్‌తో పోరాడుతున్న మహిళ ఎత్తింది. మిస్ మార్వెల్ పేరు పాకిస్థానీ కుటుంబంలోని పదహారేళ్ల అమ్మాయికి దక్కింది. ‘మా హీరోని మార్చేశారు’ అని కొందరు గొడవకు దిగితే, ‘ఇన్నాళ్లకు మాలాంటివాళ్లు కనిపించారు’ అని ఇంకొందరు సంబరపడ్డారు. ఈ పంచాయితీ తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. ఏ వేషం ఎవరు కట్టాలన్న తగువు మన చిందు మేళాల్లో, కూచిపూడి వీధుల్లో ఎప్పటినుంచో నడుస్తూనే ఉంది.

శివరాత్రికి ఏడుపాయల వనదుర్గమ్మ జాతర. మంజీర ఏడు పాయలుగా చీలి పారే ఆ బండల మధ్యకు జోగిపేట, అందోలు, సంగారెడ్డి, మెదక్ చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలొస్తాయి. గాజుల దుకాణాలు, పేలాలు, పుట్నాల కుప్పలు దాటితే బొమ్మలవాళ్ల వరుస. గడకర్రలకు మాస్కులు వేలాడుతుంటాయి. హనుమంతుడు, ఛోటా భీమ్, పులి, వాటి మధ్య ఎర్రగా స్పైడర్‌మ్యాన్. పల్చటి ప్లాస్టిక్కు, వెనక రబ్బరు దారం, కళ్ల దగ్గర రెండు చిల్లులు.

అలాంటి ఓ దుకాణం ముందు విన్న మాటలివి. తొమ్మిదేళ్లుంటాయేమో, ఓ పిల్ల స్పైడర్‌మ్యాన్ మాస్కు పట్టుకుని వదలడం లేదు.

“గది మొగపోరగాండ్లది బిడ్డా. నీకు గా రాణి కిరీటం కొనిస్త” అంది తల్లి.

“మొకమంత మూసుకుంటది గదమ్మా. లోపల పిల్ల ఉన్నదో పిలగాడు ఉన్నడో ఎవరికి తెలుస్తది?”

దుకాణదారుడు అందుకున్నాడు. “పిల్ల మంచిగనే చెప్తున్నది, తీస్కో అక్కా. ముప్పై రూపాయల కాడ ఏం పంచాది వెట్టుకుంటవ్?”

తల్లి నవ్వుతూ కొంగుముడి విప్పింది.

స్పైడర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకరైన స్టాన్ లీ కూడా ఆ పిల్ల చెప్పిన సంగతే తరచూ చెప్పేవారు. 1962లో స్టీవ్ డిట్కో గీసిన ఆ దుస్తుల్లో ఒంటి మీది చర్మం అంగుళమైనా బయటికి కనిపించదు. అందుకే ఏ రంగు పిల్లవాడైనా లోపల ఉన్నది తానేనని ఊహించుకోవచ్చని ఆయన మాట. ఊహించుకున్నంత కాలం ఎవరికీ అభ్యంతరం లేదు. 2011 ఆగస్టులో ఓ కథలో ఆ ముసుగు నిజంగానే తొలగి, లోపల నల్లజాతి తండ్రికి, ప్యూర్టోరికో మూలాలున్న తల్లికి పుట్టిన బ్రూక్లిన్ కుర్రాడు కనిపించేసరికి రచ్చ మొదలైంది. అతని పేరు మైల్స్ మొరాలెస్. రాసింది బ్రయాన్ మైకేల్ బెండిస్, గీసింది సారా పికెల్లి. పాత పీటర్ పార్కర్ ఆ కథాలోకంలో చనిపోయాక మైల్స్ ఆ బరువు ఎత్తుకున్నాడు. ‘రాజకీయాల కోసం చేశారు’ అన్నారు. ‘కొత్త హీరోని కొత్త పేరుతో పుట్టించుకోవచ్చుగా’ అన్నారు. ఏడేళ్ల తర్వాత 2018లో అదే మైల్స్ కథతో యానిమేషన్ సినిమా వచ్చింది. మరుసటేడు దానికి ఆస్కార్ దక్కింది. ఇప్పుడు పదేళ్లలోపు పిల్లల్లో చాలామందికి స్పైడర్‌మ్యాన్ అంటే పీటర్ ఎంతో మైల్స్ కూడా అంతే.

కొత్త హీరోకి కొత్త పేరు పెట్టుకోవచ్చు కదా అన్నది పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కామిక్స్ వ్యాపారం లోపలి సంగతి తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా అనలేం. అక్కడ అమ్ముడుపోయేది పేరు. ఎనభై ఏళ్లుగా జనం నోళ్లలో నానిన పేరుకు దుకాణంలో ముందు వరుసలో చోటుంటుంది, సినిమా తీసేవాడు దొరుకుతాడు, బొమ్మలు చేసే కంపెనీ వస్తుంది. ఊరూ పేరూ లేని కొత్త వీరుడు నాలుగు సంచికలు గడిచేసరికి మూలన పడతాడు. ఆస్తి పంపకాల్లో వాటా అడిగినవాణ్ని ‘నువ్వు వేరే పొలం కొనుక్కో’ అన్నట్టే ఉంటుంది ఈ సలహా.

ఒకే పేరు, ఎందరో మనుషులు

అసలు ఈ పేర్లు ఒక్కరి సొత్తుగా ఎప్పుడున్నాయి? కెప్టెన్ మార్వెల్ సంగతే చూడండి. 1940లో ఫాసెట్ అనే సంస్థ ఆ పేరుతో ఓ తెల్లజాతి వీరుణ్ని తెచ్చింది. మా సూపర్‌మ్యాన్‌ని కాపీ కొట్టారంటూ పోటీ సంస్థ కోర్టుకెక్కింది. 1953 నాటికి ఫాసెట్ చేతులెత్తేసింది. ఖాళీగా పడి ఉన్న ఆ పేరును 1967లో మార్వెల్ సంస్థ తీసుకుని ఓ గ్రహాంతర సైనికుడికి పెట్టింది. 1982లో ఆ సైనికుడు క్యాన్సర్‌తో చనిపోయాడు. అదే ఏడాది న్యూ ఆర్లియన్స్‌కు చెందిన నల్లజాతి మహిళ మోనికా రాంబో కెప్టెన్ మార్వెల్ అయింది. 2012లో ఆ పేరు కేరల్ డాన్వర్స్‌కు వచ్చింది. కేరల్ అప్పటిదాకా మిస్ మార్వెల్. ఆమె పైమెట్టుకు వెళ్లడంతో ఆ పాత పేరు ఖాళీ అయింది. దాన్ని అందుకున్న పిల్లే కమలా ఖాన్.

ఇక్కడ కాస్త ఆగాలి. ఇన్ని చేతులు మారిన కథల్లో నాకు అన్నిటికంటే నిజాయతీగా అనిపించేది కమల కథే.

న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీ. పాకిస్థాన్ నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లిం కుటుంబం. ఇంట్లో కట్టుబాట్లు, బడిలో వెక్కిరింతలు, గది నిండా సూపర్‌హీరోల పోస్టర్లు. ఓ రాత్రి ఇంట్లో చెప్పకుండా బయటికెళ్లిన కమలను వింత పొగమంచు కమ్మేస్తుంది. ఆ మైకంలో ఏం కావాలని అడిగితే, తన అభిమాన వీరనారి కేరల్‌లా కావాలంటుంది. కోరిక తీరుతుంది. కళ్లు తెరిచేసరికి తెల్లటి ఒళ్లు, బంగారు రంగు జుట్టు, పొట్టి దుస్తులు. మరుక్షణం నుంచే ఇబ్బంది. జుట్టు మొహం మీద పడుతుంది, బూట్లు కరుస్తాయి, దుస్తులు ఒంటిమీద నిలవవు. ఆ రూపంలోనే నీళ్లలో మునిగిపోతున్న అమ్మాయిని కాపాడుతుంది కూడా. అయినా కలలుగన్న రూపం ఒంటికొచ్చాక అది తనది కాదని తెలిసొస్తుంది. ఆ తర్వాత ఒళ్లు దాచే ఈతదుస్తులను కత్తిరించి, కుట్టి తన వేషం తానే తయారుచేసుకుంటుంది. పేరు మాత్రం పాతదే. ముఖం తనది, బట్టలు తనవి, ఇల్లు తనది.

కమల సృష్టి వెనక ఉన్న ఎడిటర్ సనా అమానత్ న్యూజెర్సీలో పెరిగిన పాకిస్థానీ అమెరికన్. రచయిత్రి జి.విల్లో విల్సన్ ఇస్లాం స్వీకరించిన అమెరికన్. అన్నం దగ్గర తండ్రితో వాదన, మసీదులో ఆడపిల్లల వరుస వెనక్కి ఉండటం మీద ప్రశ్న, ఇవన్నీ చూసి రాసిన చేతులవి. 2014 ఫిబ్రవరిలో సొంత పుస్తకం మొదలైతే 2015లో హ్యూగో పురస్కారం వచ్చింది. 2022లో ఆ కథ తెర మీదికొచ్చింది.

డాలు దొరికింది, అప్పు పుట్టలేదు

కెప్టెన్ అమెరికా డాలు అందుకున్న శామ్ విల్సన్ 1969లో పుట్టిన పాత్ర. అమెరికా ప్రధాన స్రవంతి కామిక్స్‌లో తొలి ఆఫ్రికన్ అమెరికన్ సూపర్‌హీరో. 45 ఏళ్లు పక్కవాడిగా ఉండి, 2014లో డాలు పట్టాడు. సినిమాల్లో 2019 నాటి ‘ఎండ్‌గేమ్’ చివర పాత కెప్టెన్ అమెరికా, ముసలివాడైన స్టీవ్ రోజర్స్ ఆ డాలు అతని చేతిలో పెట్టాడు. 2021లో ఓటీటీలో వచ్చిన సిరీస్‌లో ఓ సన్నివేశం ఉంది. లూసియానాలో కుటుంబ పడవను, ఇంటి వ్యాపారాన్ని నిలబెట్టుకోడానికి శామ్ తన తోబుట్టువుతో కలిసి బ్యాంకుకు వెళ్తాడు. లోకాన్ని కాపాడిన వీరుడని బ్యాంకు మనిషి గుర్తుపడతాడు, తెగ ముచ్చటపడతాడు. అప్పు మాత్రం ఇవ్వడు.

ఆ సన్నివేశం చూస్తే తెలంగాణ పల్లెల సంగతి తెలిసినవాళ్లకు చిందు మేళం గుర్తు రాక మానదు.

చిందు భాగవతులు మాదిగలకు ఆశ్రిత కులం. ఒక్కో కుటుంబానికి వంశపారంపర్యంగా ఆడే హక్కున్న కొన్ని మిరాసి ఊళ్లు. పంటలు ఇళ్లకు చేరాక మేళం దిగుతుంది. చీకటి పడుతుండగా అద్దం ముందు కూర్చుని ముఖానికి పసుపుపచ్చటి అర్దళం పట్టిస్తారు. కళ్లకు కాటుక దిద్ది, నొసట నామాలు తీర్చి, తేలికపాటి కర్రతో చేసిన కిరీటం తలకెత్తి, భుజకీర్తులు బిగించి, గజ్జె కడతారు. మద్దెల, తాళాలు, హార్మోనియం అందుకోగానే గుడిసెలో ఇందాకటిదాకా గంజి తాగిన మనిషి కృష్ణుడైపోతాడు, కీచకుడైపోతాడు. జాంబపురాణం ఆడితే సృష్టికి ముందే పుట్టిన జాంబవంతుడై బ్రాహ్మణుడితో వాదానికి కూర్చుంటాడు. అగ్రకులాల వాళ్లు కిందకూర్చుని ఆ వాదం వింటారు.

నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ చిన్నపిల్లగా గజ్జె కట్టి, ముసలితనం దాకా ఆడిన కళాకారిణి. ఆడ వేషమే కాదు, మగ వేషాలూ కట్టారు. ఎల్లమ్మ దేవత వేషంలో ఆమె ఊళ్లోకి అడుగుపెడితే పెద్ద కులాల ఇళ్ల ఆడవాళ్లు సైతం మొక్కేవారు. ఆ వేషమే ఆమె పేరై నిలిచింది. 2005లో కన్నుమూశారు. చిందు కళాకారుడు, జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. కళకు దక్కిన గౌరవం అది, సంతోషం. కానీ తరాల తరబడి జరిగిందేమిటి? రాత్రంతా దేవుడిగా హారతులందుకున్న మనిషి తెల్లారి అర్దళం కడుక్కున్నాక మళ్లీ ఊరి బయటి మనిషే. ఏ ఇంటి ముందు మొక్కించుకున్నాడో ఆ ఇంటి గడప తొక్కడానికి వీల్లేదు. శామ్ విల్సన్‌కు చప్పట్లు కొట్టి అప్పు ఇవ్వని బ్యాంకు మన ఊళ్లలో ఎన్నో వందల ఏళ్ల నుంచి ఉంది.

వేషం కట్టనివ్వడం సగం పనే అని చిందోళ్ల జీవితం చెబుతోంది. అమెరికా కామిక్స్ రాసేవాళ్లలో కొందరికి ఈ సంగతి తెలుసు. 2003లో రాబర్ట్ మొరాలెస్ రాసి, కైల్ బేకర్ గీసిన ‘ట్రూత్’ ఆ కోవలోదే. స్టీవ్ రోజర్స్‌ను మహాబలుణ్ని చేసిన మందును నల్లజాతి సైనికుల మీద కూడా ప్రయోగించారని, బతికి బట్టకట్టిన ఐజయా బ్రాడ్లీ కెప్టెన్ అమెరికా వేషం కట్టి పోరాడినందుకు జైలు పాలయ్యాడని ఆ కథ. 1932 నుంచి 1972 దాకా టస్కీగీలో నల్లజాతి రోగులకు వైద్యం చేయకుండా సవాయి రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్న ప్రభుత్వ వైద్యుల నిజ చరిత్ర దాని వెనక ఉంది.

సత్యభామ జడ

కూచిపూడిలో కథ తిరగబడుతుంది. అక్కడ వేషం పై కులం మగవాళ్లది. ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పేరుతో వచ్చిన ఆచారం. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా తన జడ బయటికి వేస్తుంది. నన్ను మించిన నర్తకి ఉంటే రమ్మని సభకు సవాలు అది. సవాలు విసిరేది స్త్రీ పాత్ర. విసిరే హక్కు మాత్రం స్త్రీకి ఉండేది కాదు. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ జడ వేస్తే ఆడవాళ్లే ఆయన నడక చూసి నేర్చుకోవాలనిపించేదని పెద్దలు చెప్పుకొనేవారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రంగస్థలం మీద స్థానం నరసింహారావు సత్యభామ కూడా అంతటిదే.

ఆడపిల్లలకు ఈ నాట్యం నేర్పే పని వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి మొదలుపెట్టారు. ఆయన శిష్యుడు వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించాక ఆ తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఆయన శిష్యురాలు శోభానాయుడు సత్యభామగా నిలబడినప్పుడు, జడ వేసే హక్కు అసలు మనిషికి చేరిందనిపించింది. ఇవాళ కూచిపూడి క్లాసు ఎక్కడ చూసినా నిండా ఆడపిల్లలే. నష్టం లేదా అంటే ఉంది. మగవాడు స్త్రీ వేషం కట్టి మెప్పించే విద్య సన్నగిల్లిపోయింది. దాన్ని పట్టుకుని వేలాడుతున్నవాళ్లు కొద్దిమందే. చేతులు మారినప్పుడు ఏదో ఒకటి జారిపోతుందన్నది ఒప్పుకోవాల్సిందే. అయినా, ఆడవాళ్లు రాకముందు నాట్యం ఉన్న స్థితికి తిరిగి వెళ్దామని ఎవరైనా అంటే నేను ఆ పక్కన నిలబడను.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. కూచిపూడి పెద్దలు ఆడవాళ్లను గజ్జె కట్టనివ్వని కాలంలోనే చిందు మేళంలో ఆడవాళ్లు మగవాళ్ల పక్కన నిలబడి ఆడారు. సురభి నాటక కుటుంబాల్లోనూ అంతే. కింద ఉన్నారనుకున్నవాళ్లు ఈ విషయంలో ముందున్నారు.

మన సూపర్‌మ్యాన్‌లు

1980లో తెలుగులో ‘సూపర్‌మ్యాన్’ వచ్చింది. ఎన్టీ రామారావు హీరో, వి.మధుసూదనరావు దర్శకుడు. ఆ సూపర్‌మ్యాన్ వేరే గ్రహం నుంచి ఊడిపడలేదు. శక్తి ఆంజనేయస్వామి ఇచ్చింది. అమెరికా పేరుకు మన దేవుడి అండ దొరికిందన్నమాట. 44 ఏళ్ల తర్వాత, 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ తీసిన ‘హనుమాన్’లోనూ శక్తి హనుమంతుడిదే. ఈసారి అది అంజనాద్రి అనే పల్లెలో చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడికి దక్కుతుంది. ఆ పాత్ర వేసిన తేజ సజ్జా సినిమా వంశం నుంచి వచ్చినవాడు కాదు, బాలనటుడిగా మొదలై పైకొచ్చినవాడు. ఈ వివరం చిన్నదేమీ కాదు. మన సినిమాలో హీరో కిరీటం తాత నుంచి మనవడికి, తండ్రి నుంచి కొడుక్కి, అన్న నుంచి తమ్ముడికి పోతుంది. బిరుదులు కూడా ఇంట్లోనే తిరుగుతాయి.

వెనకటి తరం హిందీలోనో ఇంగ్లిష్‌లోనో చదివిన ఇంద్రజాల్ కామిక్స్ ఫాంటమ్‌దీ అదే పద్ధతి. లీ ఫాక్ 1936లో మొదలుపెట్టిన ఆ వీరుడు చావులేనివాడని అడవి జనం నమ్మకం. నిజానికి తండ్రి చనిపోగానే కొడుకు ముసుగు తొడుక్కుంటాడు. అలా ఇరవై ఒక్క తరాలు. అడవి నిండా నల్లవాళ్లే అయినా ముసుగు ఒక్క తెల్ల కుటుంబాన్ని దాటి బయటికి పోదు. పిల్లలుగా అది చదివినప్పుడు మనకెవరికీ ప్రశ్న పుట్టలేదు. పుట్టకపోవడమే ఆలోచించాల్సిన విషయం.

రంగు సంగతీ అంతే. రాముడు నీలమేఘశ్యాముడని పొద్దున లేస్తే కీర్తనలు పాడతాం. బడిలో రాముడి వేషానికి మాత్రం తెల్లగా ఉన్న పిల్లవాణ్ని వెతుకుతాం. నల్లగా ఉంటే రావణుడి పక్కన రాక్షసుల గుంపులోకి తోస్తాం. ప్రశాంత్ వర్మ బృందం 2024 అక్టోబరులో ‘మహాకాళి’ పేరుతో నల్లటి మేని స్త్రీ సూపర్‌హీరోగా ఉండే సినిమా ప్రకటించింది. దర్శకురాలు పూజా అపర్ణ కొల్లూరు. సినిమా ఎలా ఉంటుందో చూశాక మాట్లాడుకోవచ్చు. అమ్మవారి రంగు నలుపని తెలిసిన జాతికి నల్లటి నాయికను చూపించడానికి ఇంతకాలం పట్టిందన్నది మాత్రం ఇప్పుడే చెప్పగలిగిన మాట.

మన దేశానికి వచ్చిన స్పైడర్‌మ్యాన్ కూడా ఒకడున్నాడు. 2004లో శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, జీవన్ కాంగ్ తయారుచేసిన పవిత్ర్ ప్రభాకర్. ముంబయి కుర్రాడు. పైన సాలెగూడు చొక్కా, కింద ధోవతి. పీటర్ పార్కర్ పవిత్ర్ ప్రభాకర్ అయ్యాడు, బెన్ మామయ్య భీమ్ మామయ్య అయ్యాడు, మే అత్తయ్య మాయా అత్తయ్య అయింది. సాలీడు కుట్టే బదులు ఓ యోగి శక్తి ఇస్తాడు. పేర్లకు పేర్లు అతికించి, పాత కథనే పంచె కట్టించి నిలబెట్టారు. నాలుగు సంచికలతో ఆగింది. కమల నిలబడి పవిత్ర్ నిలబడకపోవడానికి కారణం ఇక్కడే ఉందని నా నమ్మకం. కమల ఇంట్లో వాసన, గొడవ, ప్రేమ ఆ ఇంటివే. పవిత్ర్ ఇల్లు మాత్రం పీటర్ ఇల్లే, గోడలకు రంగు మార్చారంతే. 2023లో వచ్చిన ‘అక్రాస్ ద స్పైడర్‌వర్స్’లో అతన్ని మళ్లీ రాశారు. ఈసారి అతనికి సొంత హుషారు, సొంత నగరం, ఎదుటివాడి తప్పుల మీద గట్టిగా నవ్వే నోరు ఇచ్చారు. తెర మీద ఉన్నది కాసేపే అయినా జనానికి గుర్తుండిపోయాడు.

ఆ సినిమా మన దేశంలో పది భాషల్లో విడుదలైంది. తెలుగు ఉంది, పంజాబీ ఉంది, గుజరాతీ ఉంది. ఒడియా లేదు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం షెడ్లలో, సంగారెడ్డి చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చి పనిచేస్తున్న కుటుంబాలు ఎన్నో. బట్టీ పక్కన గుడిసెలో ఫోను తెర మీద స్పైడర్‌మ్యాన్ చూసే ఆ పిల్లలు హిందీలోనో తెలుగులోనో సగం అర్థమై సగం కాక చూస్తారు. పేరుకు, రంగుకు చోటిచ్చారు సరే, భాషకు చోటెప్పుడు? ఈ పారిశ్రామిక వాడలో పుట్టి పెరిగే ఒడియా, బిహారీ, తెలుగు పిల్లల మధ్య నుంచి ఓ కథ వస్తే, దానికి ముంబయి పంచె కట్టాల్సిన అవసరం ఉండదు.

ఇచ్చి, మళ్లీ తీసుకుంటే

థోర్ సుత్తిని జేన్ ఫాస్టర్ ఎత్తిన కథ 2014లో మొదలైంది. రాసింది జేసన్ ఆరన్, గీసింది రసెల్ డాటర్మన్. ఆమెకు రొమ్ము క్యాన్సర్. సుత్తి ఎత్తి థోర్‌గా మారిన ప్రతిసారీ ఒంట్లోని కీమోథెరపీ మందును శరీరం విషమనుకుని బయటికి నెట్టేస్తుంది. క్యాన్సర్ మాత్రం అక్కడే ఉంటుంది. అంటే ఊరిని కాపాడిన ప్రతిసారీ తన చావును ఇంకాస్త దగ్గరకు తెచ్చుకుంటోంది. పురుషుడు థోర్‌గా ఉన్న యాభై ఏళ్ల కథల్లో ఇంత బరువైన మలుపు అరుదు. కొత్త మనిషి వస్తే పాత వేషానికి కొత్త ప్రాణం వస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

2018కల్లా ఆ కథ ముగిసి థోర్ పేరు పాత థోర్‌కే తిరిగి వెళ్లింది. కామిక్స్‌లో కెప్టెన్ అమెరికా డాలు కూడా స్టీవ్‌కు తిరిగొచ్చింది. 2017లో మార్వెల్ అమ్మకాల విభాగం పెద్ద ఒకరు, వైవిధ్యం ఉన్న పుస్తకాలు జనానికి అక్కర్లేదని దుకాణదారులు చెబుతున్నట్టు మాట్లాడి, విమర్శలు రాగానే సవరించుకున్నారు. నా అభిప్రాయం మాత్రం స్పష్టం. పండక్కి కట్టుకోమని నగ ఇచ్చి, పండగ అవగానే అడిగి తీసుకునేవాళ్లు దాతలు కారు. శామ్ డాలు పట్టిన తొలి కథలు రాసింది రిక్ రెమెండర్, ఆ తర్వాత నిక్ స్పెన్సర్, ఇద్దరూ తెల్లవాళ్లే. పాత్ర రంగు మారింది, కలం పట్టిన చేయి మారలేదు. 2016లో వచ్చిన నల్లజాతి అమ్మాయి రీరీ విలియమ్స్, ఐరన్‌మ్యాన్ అడుగుజాడల్లో కవచం తయారుచేసుకున్న పదిహేనేళ్ల మేధావి. 2018లో ఆమె పుస్తకాన్ని షికాగోకు చెందిన నల్లజాతి సామాజికవేత్త ఈవ్ యూయింగ్ చేతికి ఇచ్చారు. ఆ పని మొదటి రోజే చేయాల్సింది.

అన్నీ తిరిగి తీసుకోలేదు లెండి. 1971లో గ్రీన్ ల్యాంటర్న్ ఉంగరం తొడిగిన నల్లజాతి వాస్తుశిల్పి జాన్ స్టూవర్ట్ యాభై ఏళ్లు దాటినా నిలిచే ఉన్నాడు. మైల్స్, కమల ఎవరి పుస్తకం వాళ్లు నడుపుకున్నారు. ‘బ్లాక్ పాంథర్’ చాడ్విక్ బోస్‌మన్ 2020లో కన్నుమూశాక, 2022 సినిమాలో ఆ ముసుగు ఆయన పాత్రకు చెల్లెలైన షూరీ తొడుక్కుంది. థియేటర్లో పిల్లలు లేచి చప్పట్లు కొట్టారే తప్ప, ఆడపిల్లకెందుకని అడగలేదు.

ఏడుపాయల జాతరకు కదిలొచ్చే జోగిపేటకు, వేదిక ఎవరికి దక్కాలన్న విషయంలో ఓ చరిత్ర ఉంది. 1930 మార్చిలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలి సమావేశం ఇక్కడే జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. సభలో తెలుగులో మాట్లాడితే ఎగతాళి చేసే రోజులవి. ఆ అవమానంలోంచే ఈ ఉద్యమం పుట్టింది. అదే సందర్భంలో మహిళా సభ కూడా పెట్టారు. అధ్యక్షురాలు నడింపల్లి సుందరమ్మ. వేదిక మీద ఏ భాష వినిపించాలి, ఎవరు నిలబడాలి అన్న ప్రశ్నలకు ఈ ఊరు తొంభై ఏళ్ల క్రితమే జవాబిచ్చింది.

అందుకే ఇక్కడి బడులకు, సంగారెడ్డి జిల్లా టీచర్లకు ఓ విన్నపం. ఈసారి వార్షికోత్సవానికి వేషాలు పంచేటప్పుడు రంగు చూడకండి, ఇంటిపేరు అడగకండి. పద్యం ఎవరికి వస్తే రాముడి కిరీటం వాళ్లకే ఇవ్వండి. ఆడపిల్ల భీముడి గద అడిగితే ఇవ్వండి. బట్టీ నుంచి వచ్చే ఒడియా పిల్లవాడు తన భాషలో రెండు ముక్కలు చెబుతానంటే చెప్పనివ్వండి. మీ చుట్టుపక్కల చిందు మేళం ఉంటే పిలిపించండి. ఒప్పుకున్న పైకం ఆ రాత్రే చేతిలో పెట్టండి, వేషం దించాక అందరితో పాటు కూర్చోబెట్టి అన్నం పెట్టండి. పిల్లలు చూసి నేర్చుకోవాల్సిందీ అక్కడే.